ఆకాశమున విడిచిన చోటు

2018 డిసెంబరు 6వ తేదీ సాయంకాలము, అమెరికా సంయుక్తరాష్ట్రముల 41వ అధ్యక్షుడైన జార్జి హెర్బర్ట్ వాకర్ బుష్ పార్థివదేహమును టెక్సాస్ రాష్ట్రమున కాలేజ్ స్టేషన్ పట్టణమందలి ఆయన గ్రంథాలయప్రాంగణమునకు, భార్య బార్బరా ప్రక్కన ఖననము చేయుటకై, కొనివచ్చినపుడు, ఆ దేశపు నౌకాదళమునకు చెందిన 21 యుద్ధవిమానములు జట్లు జట్లుగా తక్కువ ఎత్తున వచ్చి కూడియున్న జనుల తలలమీదుగా సాగిపోయినవి. వానిలో కడపటి జట్టునుండి ఒక విమానము ఉన్నట్టుండి ముక్కు పైకెత్తి, తోడి విమానములను విడిచి, నిట్టనిలువుగా మింటికెగసి కనుమరుగయ్యెను. మిగిలినవి దాని చోటును పూరింపక, ఆ ఖాళీని ఖాళీగానే ఉంచుకొని, పట్టిన దారినే ముందునకు పోయినవి. వైమానికులు దీనిని మిస్సింగ్ మ్యాన్ ఫార్మేషన్ అందురు.

ఒక దేశాధినేత గతించినపుడు ఇట్టి అసంపూర్ణతను ఆకసమున ప్రదర్శించుట మొదటిసారి చూచువారికి వింతగా తోచును. ఏలయన రాచమర్యాదలన్నియు సామాన్యముగా నిండుతనమునే కోరును: పూర్తి సంఖ్యలో భటులు, లోపములేని వరుసలు, తడబడని అడుగులు. అధ్యక్షునకు చెల్లు 21 ఫిరంగుల సలామీ అట్టిది. అందులో ఒక్కటి తగ్గినను మర్యాదకు లోటే. పరదేశపు రేవును చేరిన ఓడ తన ఫిరంగులను పేల్చి ఖాళీచేసికొని, తాను పోరునకు రాలేదని తెలుపు నావికుల ఆచారమునుండి పుట్టిన ఆ సలామీ క్రమముగా హోదాలను కొలుచు కొలబద్దయైనది. బ్రిటిషు ఏలుబడిలో హైదరాబాదు నిజామునకు 21 తోపుల సలామీ చెల్లెడిదనియు, అంతటి మర్యాద చివరకు ఐదు సంస్థానములకే దక్కెననియు మన పెద్దలు గొప్పగా చెప్పుకొనుట చాలమంది వినియుందురు. తోపులు ఎవరికై మ్రోగినను పదవికే మ్రోగును. ఆకాశమున విడిచిన చోటు మాత్రము పదవికై పుట్టినది కాదు. తిరిగిరాని తోడివానికై విమానచాలకులు తమలోతాము ఏర్పరచుకొన్న మర్యాద అది. బుష్ అంత్యక్రియలయందు ఈ రెండు మర్యాదలును కలిసినవి గాని, రెండవదియే ఆయన స్వార్జితమని నా అభిప్రాయము.

ఆ విన్యాసపు కూర్పు చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. కుడిచేతి బొటనవ్రేలిని ముడిచి తక్కిన నాలుగు వ్రేళ్లను చాచి చూచినచో వాని కొనలు ఏ తీరున హెచ్చుతగ్గులుగా నిలుచునో, నాలుగు యుద్ధవిమానములు ఆ తీరున బారుతీరి వచ్చును: నడిమివ్రేలి కొనన నాయకుడు, చూపుడువ్రేలి కొనన ఆయన అనుచరుడు, ఉంగరపువ్రేలి కొనన రెండవ జంటకు నాయకుడు, చిటికెనవ్రేలి కొనన వాని అనుచరుడు. సమాధిస్థలము సమీపింపగానే ఉంగరపువ్రేలి చోటున ఉన్నవాడు పైకి లేచిపోవును. కొన్ని సందర్భములలో ఎవరును పైకి లేవరు. మొదటినుండియే ఒక చోటు విడిచిపెట్టి వచ్చి, అట్లే పోవుదురు. రెండు పద్ధతులును ఆచారసమ్మతములే.

అయితే ఇందలి అసలు చిక్కు కాలమునకు సంబంధించినది. నేలమీద జరుగు ప్రార్థనలు, ప్రసంగములు, పేటికను మోయువారి నెమ్మదియడుగులు గడియారమునకు లోబడి నడువవు. మతాచార్యుడు రెండు మాటలు అధికముగా పలికినను, ఊరేగింపు ఒక మలుపున కొంత నిలిచినను, నిమిషమునకు మైళ్లకొలది దూరము పోవు విమానములు ఊరిబయట ఎచ్చటనో చుట్లు తిరుగుచు పిలుపునకై వేచియుండవలసినదే. అందువలన క్రింద ఒక అధికారి రేడియో చేతబట్టి నిలిచి, తంతు ఎంతవరకు వచ్చినదో పైవారికి ఎప్పటికప్పుడు ఎఱిగించుచుండును. బుష్ అంత్యక్రియలకు ఎఫ్/ఏ-18 సూపర్ హార్నెట్ విమానములు వర్జీనియా తీరమందలి ఓషియానా నౌకావిమానస్థావరమునుండి వచ్చినవి. నౌకాదళము 21 విమానములను ఒక్కుమ్మడిగా ఈ విన్యాసమునకు పంపుట అంతకుముందు ఎన్నడును జరుగలేదు. జనులు తలలెత్తి చూచినది కొద్ది క్షణములే.

ఈ ఆచారపు మూలమును మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానస్థావరములందు వెదకవలెను. ఉదయమున ఎన్ని విమానములు పోయినవో ఎఱిగిన నేలసిబ్బంది సాయంకాలము మింటివంక చూచుచు, తిరిగివచ్చువానిని ఒకటొకటిగా లెక్కించుచుండిరి. వరుసలో వెలితి కనబడెనా, ఎవరో ఒకరు రాలేదన్నమాట విమానములు దిగకమునుపే తెలిసిపోయెడిది. అట్లు భయముతో చూచిన దృశ్యమునే పిదప వైమానికులు శ్రద్ధాంజలిగా మార్చుకొనిరి. 1938లో అమెరికా సైనిక వైమానికదళమునకు అధిపతిగానుండిన ఆస్కార్ వెస్టోవర్ విమానప్రమాదమున మరణించినపుడు, ఆయన అంత్యక్రియలలో ఒక చోటు విడిచిన విమానశ్రేణి ఎగిరెను. అధ్యక్షుల అంత్యక్రియలలో ఈ మర్యాదను లోకమంతయు చూచినది మాత్రము 1963 నవంబరు 25న, జాన్ కెనడీని ఆర్లింగ్టన్ శ్మశానవాటికయందు ఖననము చేసిన దినమున. రాష్ట్రమునకు ఒకటి వంతున లెక్కించి 50 జెట్ యుద్ధవిమానముల శ్రేణిని, అందు ఒక చోటు విడిచి, ఎగురవేసిరి. వాని వెనుక, మూడుదినముల క్రిందట డల్లాసునుండి కెనడీ దేహమును మోసికొనివచ్చిన అధ్యక్షవిమానమే ఒంటరిగా, తక్కువ ఎత్తున వచ్చి, రెక్కలు వాల్చి నమస్కరించి పోయెను. అదే దినమున వాషింగ్టన్ వీథులలో శవశకటము వెనుక బ్లాక్ జాక్ అను నల్లని గుఱ్ఱము, రౌతు లేని జీనుతో, రికాబులలో బూట్లు వెనుకకు త్రిప్పి తగిలింపగా, కుదురులేక కాళ్లు విదల్చుచు నడచెను. రౌతు లేని గుఱ్ఱము ప్రాచీనము, తోడులేని విమానము నవీనము. రెండును ఒక్క మాటనే పలుకుచున్నవి. జీను మీద ఎవరినైనను కూర్చుండబెట్టినచో ఆ గుఱ్ఱమును చూచి కంట తడిపెట్టువా రుండరు.

కెనడీ విమానచాలకుడు కాడు. యుద్ధకాలమున ఆయన నడపినది టార్పెడో పడవ. రీగన్, నిక్సన్ మొదలగువారును విమానములు నడపి యుద్ధము చేసినవారు కారు. వారి సమాధులమీదుగా విమానములు ఎగురుటలో మర్యాద కలదు గాని, ఆ మర్యాదకు మూలమైన అనుభవము వారిది కాదు. బుష్ సంగతి వేరు.

1942 జూన్ 12న, తనకు పదునెనిమిదేండ్లు నిండిన దినముననే, సంపన్నగృహమున పుట్టి చదువు ముగించుకొనుచున్న ఆ బాలుడు నౌకాదళమున చేరెను. మరుసటి యేడు ఇరువదేండ్లైనను నిండకమునుపే చాలకుడై, శాన్ జసింటో అను విమానవాహకనౌకనుండి అవెంజర్ అను మూడుసీట్ల టార్పెడో విమానమును నడపసాగెను. 1944 సెప్టెంబరు 2న పసిఫిక్ సముద్రమందలి చిచిజిమ దీవిలో జపానువారి రేడియో కేంద్రముమీద బాంబులు వేయబోయినపుడు క్రిందినుండి పేల్చిన ఫిరంగుల దెబ్బకు ఇంజనుకు నిప్పంటుకొనెను. ఆయన వెనుకకు మఱలక గురిమీద బాంబులు విడిచి, పొగలు క్రమ్ముచున్న విమానమును సముద్రముమీదికి త్రిప్పి, తన వెంట ఉన్న ఇద్దరిని దుముకుమని చెప్పి, తానును దుమికెను. దుముకునపుడు విమానపుతోక నుదుటికి తగిలి గాయమయ్యెను, పారాషూట్ చినిగెను. చిన్న రబ్బరుపడవమీద తేలియాడుచుండగా దీవినుండి పడవలు తనను పట్టుటకు బయలుదేరెను. తోడి వైమానికులు పైనుండి తుపాకులు కాల్చి వానిని మఱలించిరి. కొన్ని గంటల పిదప ఫిన్‌బ్యాక్ అను అమెరికా జలాంతర్గామి నీటినుండి పైకి తేలి ఆయనను ఎక్కించుకొనెను. నెత్తురు ఓడుచు, తడిసిన బట్టలతో, నావికులు లాగగా జలాంతర్గామిమీదికి ఎక్కుచున్న ఆ యువకుని చలనచిత్రము నేటికిని ఉన్నది. ఆ దీవిలో చిక్కిన ఇతర అమెరికన్ వైమానికులను అచ్చటి సైన్యాధికారులు చంపించిరని యుద్ధానంతర విచారణలో తేలెను గనుక, ఆ పడవలు ముందుగా చేరియున్నచో ఏమైయుండెడిదో ఊహించుకొనవచ్చును.

ఆ విమానముననే ఉన్న విలియం వైట్, జాన్ డెలానీ అను ఇద్దరును ఆ దినమున మరణించిరి. ఒకడు దుమికెను గాని పారాషూట్ విచ్చుకొనలేదు. రెండవవాడు విమానముతోడనే మునిగెను. ఆ సాయంకాలము శాన్ జసింటోకు తిరిగి చేరిన వరుసలో ఒక చోటు నిజముగానే వెలితియయ్యెను. బుష్ డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అను పతకమును పొందెను. 58 యుద్ధయాత్రలు ముగించెను. కాంగ్రెసు సభ్యుడు, రాయబారి, గూఢచారశాఖకు అధిపతి, ఉపాధ్యక్షుడు, తుదకు అధ్యక్షుడు నయ్యెను. అయినను ఆ ఇద్దరిని రక్షించుటకు తాను చేయగలిగినదంతయు చేసితినా అన్న ప్రశ్న తనను విడువలేదని ఆయన పలుమార్లు చెప్పుకొనెను. 2002లో, ఏబదియెనిమిదేండ్ల తరువాత, మరల చిచిజిమకు పోయి ఆ నీటిలో పుష్పగుచ్ఛములు విడిచెను. 1944లో పారాషూట్‌తో దుమికినది సరిగా కుదరలేదను వెలితి తీర్చుకొనుటకో ఏమో, 72వ యేట ఒకసారి విమానమునుండి దుమికి, ఆ రుచి మఱవలేక, 90వ జన్మదినమున సైతము, కాళ్లు నడువరాని స్థితిలో, మరియొక సైనికునకు కట్టబడి దుమికెను. ముసలివారి ముచ్చటలలో దీనికి మించినది నేను వినలేదు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఆయన అధ్యక్షుడుగానుండగా 1991లో జరిగిన గల్ఫ్ యుద్ధము ప్రధానముగా విమానముల యుద్ధము. ఆ ఫిబ్రవరిలో బాగ్దాదునందలి అమిరియా శరణాలయముమీద పడిన బాంబులకు నాలుగువందలకు పైబడి పౌరులు, అందు స్త్రీలును పిల్లలును, మరణించిరి. చిచిజిమలో ఆయన విడిచిన బాంబుల క్రిందను మనుష్యులు ఉండియేయుందురు. వారి వెలితిని చూపుటకు ఏ విమానమును వరుస విడిచి పైకెగయలేదు. వైమానికదళములు తమ వారిని తలచుకొను తీరు ఎంత హృద్యమైనను, అది తమ వారిని మాత్రమే లెక్కించును.

ఇక ప్రజల సంతాపము. బుష్ నవంబరు 30న హ్యూస్టన్ నగరమున, తన 94వ యేట, భార్య పోయిన ఏడున్నర నెలలకు మరణించెను. మాజీ అధ్యక్షుడు మరణించినచో ముప్పది దినములు పతాకమును అవనతముగా ఉంచవలెనని 1954లో నాటి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రకటన చేసియుండెను. ఆ విధి దేశమంతట అమలయ్యెను. పార్థివదేహమును వాషింగ్టనుకు కొనిపోవుటకు అధ్యక్షుని విమానమునే పంపిరి. అధికారమున ఉన్న అధ్యక్షుడు ఎక్కినపుడే ఆ విమానమునకు ఎయిర్ ఫోర్స్ వన్ అని పేరు. నాడు దానిని స్పెషల్ ఎయిర్ మిషన్ 41 అని వ్యవహరించిరి. కాపిటల్ భవనపు గుమ్మటము క్రింద, 1865లో లింకన్ పేటికకై చెక్కపలకలతో హడావుడిగా చేసి నల్లబట్ట కప్పిన ఆ పీఠముమీదనే ఈ పేటికను ఉంచి, రాత్రింబవళ్లు తలుపులు తెఱచియుంచగా, చలిలో బారులుతీరిన సామాన్యజనులు వచ్చి, నిమిషమైనను నిలువక, తలవంచి పోవుచుండిరి.

వారిలో డిసెంబరు 4న వచ్చిన ఒకని చూచినవారు మఱువలేరు. 95 ఏండ్ల బాబ్ డోల్ చక్రపుకుర్చీలో వచ్చెను. 1945లో ఇటలీ యుద్ధరంగమున తగిలిన గాయమునకు కుడిచేయి పనికిరానిదైనవాడు; 1988లో అధ్యక్షపదవికి పార్టీ అభ్యర్థిత్వము కొరకు బుష్‌తో పోరాడి, ఆ పోరులో కటువుగా మాటలాడి, ఓడినవాడు. సహాయకుడొకడు చంకల క్రింద చేతులు వేసి లేవనెత్తగా, వణకుచున్న కాళ్లమీద నిలిచి, ఎడమచేతిని నుదుటికి చేర్చి, సలాము చేసి, మరల కూలబడెను. సైనిక నియమము ప్రకారము సలాము కుడిచేతితో చేయవలెను. ఆ దినమున ఎవరును ఆ నియమమును తలపునకు తెచ్చుకొనలేదు.

డిసెంబరు 5 జాతీయ సంతాపదినము. ఆ దినమున న్యూయార్కు షేర్ మార్కెట్టు మూతవేసిరి. నేషనల్ కథీడ్రల్‌లో జీవించియున్న అధ్యక్షులందరును వచ్చి కూర్చుండిరి. వారిలో కొందరికి ఒకరితో నొకరికి పలుకులు లేవన్న సంగతి లోకవిదితము గనుక దానిని గూర్చి వ్రాయుట అనవసరము. గుఱ్ఱముల శకటము, రౌతు లేని గుఱ్ఱము ఈసారి వాషింగ్టన్ వీథులలో కనబడలేదు. ఆ ఆడంబరము వలదన్నట్లుగా అంతయు మోటారుబండిమీదనే జరిగెను. అమెరికాలో మాజీ అధ్యక్షులు తమ అంత్యక్రియల వివరములను బ్రతికియుండగనే సైన్యాధికారులతో కూర్చుండి నిర్ణయించుకొందురు. ఏది ఉండవలెను, ఏది కూడదు, ఏ కీర్తన పాడవలెను అన్నదంతయు కాగితములమీద ముందే ఉండును. మనకు ఇది అశుభముగా తోచవచ్చును.

ఆయన ఏరికోరి ఉంచుకొన్నది మాత్రము రైలు. 1969లో ఐసెన్‌హోవర్ దేహము కాన్సాస్ మైదానములగుండ పోయిన తరువాత ఏ అధ్యక్షుడును రైలుమీద అంతిమయాత్ర చేయలేదు. యూనియన్ పసిఫిక్ సంస్థ 2005లోనే అధ్యక్షవిమానపు నీలిరంగు పూసి, ఆయన వరుససంఖ్యను తలపించునట్లు 4141 అని అంకె వేసిన ఇంజనును సిద్ధపరచియుండెను. నాడు ఆయన ఆ ఇంజను గదిలో కూర్చుండి దానిని కొంతదూరము తానే నడపి సంబరపడెను. పదుమూడేండ్ల తరువాత అదే ఇంజను హ్యూస్టన్ సమీపమునుండి కాలేజ్ స్టేషన్ వరకు డెబ్బదిమైళ్ల దారిని రెండున్నర గంటలలో, మనుష్యులు తృప్తిగా చూచునట్లు మెల్లగా నడచెను. పేటికయున్న పెట్టెకు ప్రక్కలయందు అద్దములవంటి పారదర్శకఫలకములు అమర్చిరి. మాగ్నోలియా, నవసోటా వంటి చిన్న ఊళ్లలో పిల్లలను భుజములమీద ఎక్కించుకొన్న తండ్రులు, అగ్నిమాపకదళమువారు, బడిపిల్లలు, రైతులు పట్టాల వెంబడి నిలిచి జెండాలు ఊపిరి. కొందరు పట్టాలమీద నాణెములు పెట్టి, రైలు పోయిన తరువాత అవి అణగి రేకులైనవానిని ఏరుకొని జ్ఞాపకార్థము జేబులో వేసికొనిరి. గుమ్మటము క్రింది గంభీరమర్యాదలకన్న ఈ నాణెములే నాకు నచ్చినవి. ఏ పత్రికాప్రకటనయు అట్లు చేయుడని చెప్పలేదు.

ఆ పేటికలోని మనుష్యుడు తన రంగురంగుల మేజోళ్లకు పేరుపడినవాడు. కడపటి దినమున ఆయనకు తొడిగిన బూడిదరంగు మేజోళ్లమీద బారుతీరి ఎగురు జెట్ విమానముల బొమ్మలు ఉండెనని కుటుంబప్రతినిధి తెలిపెను.

మన దేశమున ఈ విన్యాసము మాజీ రాష్ట్రపతులకు ఆచారముగా లేదు. మన వైమానికదళము వారికి చేయుసేవ భుజము ఇచ్చుట వంటిది: మోసికొనిపోవుట. 2015 జూలై 27న షిల్లాంగులో ఉపన్యసించుచు కుప్పకూలిన అబ్దుల్ కలాం దేహమును గువాహతినుండి సి-130జె విమానము ఢిల్లీకి చేర్చెను; మరునాడు మధురై వరకు విమానము, అచ్చటినుండి మండపము వరకు హెలికాప్టరు; 30వ తేదీన రామేశ్వరమున లక్షలాది జనుల నడుమ సైనికలాంఛనములతో ఖననము జరిగెను. ఏడుదినములు జాతీయపతాకము అవనతమై యుండెను. హైదరాబాదునందు ఆయన 1982 నుండి క్షిపణిప్రయోగశాలకు అధ్యక్షుడుగా పనిచేసినందున కంచన్‌బాగు పరిసరములలో సొంతమనిషిని కోల్పోయినట్లు దుఃఖించినవారు ఎందరో. యౌవనమున వైమానికదళమున చాలకుడు కాగోరి, ఎనిమిది స్థానములకు జరిగిన ఎంపికలో తొమ్మిదవవాడై నిరాశచెందిన ఆయన, రాష్ట్రపతియై 2006 జూన్‌లో పూనా స్థావరమునుండి సుఖోయి-30లో ఎగిరినపుడు వయస్సు 74.

తోడివానికై చోటు విడుచుట అను అసలు అర్థమున ఆ విన్యాసము మన దేశమున 2019 మే నెలలో భటిండా సమీపమందలి భిసియానా స్థావరమున జరిగెను. కార్గిల్ యుద్ధమున 1999 మే 27న మరణించిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహూజా స్మృత్యర్థము, ఆనాడు ఆయన స్క్వాడ్రనుకు అధిపతియై, ఇరువదేండ్ల తరువాత వైమానికదళమునకే అధిపతిగానున్న ధనోవా, తానే మిగ్-21 నడపుచు ఆ వరుసకు నాయకత్వము వహించెను. అందు పదవిమర్యాద ఏదియు లేదు. అధికారి తన క్రిందివానికై ఎగిరెను.

అమెరికాలో మాత్రము ఇది ఇప్పుడు అధ్యక్షపదవికి అంటుకొన్న లాంఛనమైనది. 2024 డిసెంబరు 29న, నూరేండ్లు నిండిన జిమ్మీ కార్టర్ మరణించెను. ఆయన నౌకాదళమున పనిచేసినది నీటిక్రింద, జలాంతర్గాములలో. అయినను 2025 జనవరి 9న జార్జియా రాష్ట్రమున ఆయన స్వగ్రామమగు ప్లెయిన్స్ మీదుగా నౌకాదళవిమానములు వచ్చినవి, ఒకటి వరుస విడిచి పైకి పోయెను. ఊరి శివారున ఆయన బాల్యము గడపిన వేరుసెనగ పొలమువద్ద, అంతకు కొన్ని దినముల ముందు, ఆయన 39వ అధ్యక్షుడైనందున గంటను 39 మారులు కొట్టిరి. ముప్పది దినముల సంతాపపు గడువు నడుమ జనవరి 20న క్రొత్త అధ్యక్షుని ప్రమాణస్వీకారము వచ్చి పడుటచే, ఆ ఒక్కదినమునకు కాపిటల్ భవనముమీది పతాకములను పూర్తిగా ఎగురవేయవలెననియు, మరునాడు మరల అవనతము చేయవలెననియు ప్రతినిధిసభాపతి ఉత్తరువిచ్చెను.